చెక్క మీద చూసిన పాటను గుంటూరులో విన్నాను

బుల్లీ, నీ పాట వినడానికి గుంటూరు వెళ్ళొచ్చానే. ఎలా వెళ్ళానో, ఎవరితో మాట్లాడానో, ఆ పాట చివరికి ఎలా ఉందో అన్నీ నీకు చెప్పుకోవాలని కూర్చున్నాను. మొదలుపెట్టాక, వచ్చే ఏడు ఆ పోటీలకి వెళ్దామనుకునే వాళ్ళు ఇంకెవరైనా ఉంటే వాళ్ళకీ పనికొస్తుంది కదా అనిపించింది. అందుకని దారీ, ఖర్చూ కూడా కలిపి, అందరికీ తెలిసేలా రాస్తున్నాను. నేను చదివింది ఐదో తరగతి. తప్పులుంటే దిద్దుకుని చదవండి.

మాది పర్చూరు దగ్గర పల్లె. మా ఆయన పొగాకు కాల్చే బేరన్లలో పనిచేస్తాడు. నేను పత్తి తీతకీ, మిరపకాయల కోతకీ వెళ్తాను. మా ఒక్కగానొక్క కూతురు బుల్లి. బడిలో పేరు కృపావతి. గుంటూరులో ఆడపిల్లల మిషన్ హాస్టల్లో ఉండి చదువుకుంది. టీచరై మా పక్క ఊళ్ళోనే ఉద్యోగం తెచ్చుకుంది. ఆ హాస్టల్ బడి హాల్లో దొరసానుల కాలం నాటి పియానో ఒకటుంది. బుల్లి అక్కడే దాన్ని వాయించడం నేర్చుకుంది. మా ఊరి గుడిలో పియానో లేదు, కాళ్ళతో తొక్కితే గాలెక్కి పలికే హార్మోనియం ఉంది. ఆదివారం ఆరాధనకి బుల్లి దాన్ని వాయించేది. కానీ తను ఇష్టపడి నేర్చుకున్న పాట ఒకటి దాని మీద వచ్చేది కాదు. "దానికి మెట్లు చాలవమ్మా" అనేది. అందుకని పాత తలుపు చెక్క ఒకటి కడిగి, సున్నంతో తెల్ల మెట్లూ, దీపం మసితో నల్ల మెట్లూ గీసుకుంది. సాయంత్రం బడి నుంచి రాగానే కాసిని మంచినీళ్ళు తాగి ఆ చెక్క ముందు కూర్చునేది.

నేను పక్కన మిరపకాయల తొడిమలు తీస్తూ ఉండేదాన్ని. చెక్క మీద పాటేం వినిపిస్తుంది? టకటకా, దబదబా, అంతే. ఒక్కోసారి మా ఆయన లోపలి నుంచి, "ఏమే, కారం దంచుతున్నారా?" అని అడిగేవాడు. బుల్లి నవ్వేది కానీ చేతులు ఆపేది కాదు. చూసి చూసి ఆ పాట నాకు కళ్ళకి వచ్చేసింది. మొదట కుడిచెయ్యి ఒక్కటే నడుస్తుంది. తర్వాత ఎడమచెయ్యి వచ్చి కలుస్తుంది. మధ్యలో ఒకచోట ఎడమచెయ్యి లేచి, కుడిచేతి మీదుగా దాటి, అవతల ఒక్క మెట్టు మీద వాలి వెనక్కి వస్తుంది, పంక్తిలో పక్కవాళ్ళ విస్తరి మీదుగా చెయ్యి చాపి ఉప్పు అందుకున్నట్టు. ఆ దాటేచోటు నాకు భలే ఇష్టం. కానీ పాట ఎలా ఉంటుందో మాత్రం నేను వినలేదు. మా ఇంట్లో టేపురికార్డరు లేదు. ఆ పాట పేరు ఇంగ్లీషులో ఉంటుంది, నా నోరు తిరగదు.

గుంటూరులో ఏటా ఫిబ్రవరి నెలలో క్రైస్తవ బడుల సంగీత పోటీలు జరుగుతాయి. అందులో ఉద్యోగాలూ సంసారాలూ చేసుకుంటూ సరదాకి పియానో వాయించే పెద్దవాళ్ళకి వేరే పోటీ ఉంది. ఈ ఏడు ఆ పాట అక్కడ వాయించి, నన్ను తీసుకెళ్ళి ముందు వరసలో కూర్చోబెట్టాలని బుల్లి అనుకుంది. పోయిన వానల్లో కామెర్లు వచ్చి చనిపోయింది. జ్ఞాపకార్థ కూడికకి వచ్చిన దాని స్నేహితురాలు దయామణి నా చేతులు పట్టుకుని, "ఆ పాట పోటీలో నేను వాయిస్తాను పిన్నీ. మీరొచ్చి వినాలి" అంది. దయామణి చీరాలలో నర్సు. ఇద్దరూ హాస్టల్లో ఒకే మంచం మీద పడుకుని, ఒకే పియానో దగ్గర కొట్టుకుని పెరిగినవాళ్ళు. అదీ నా ప్రయాణానికి కారణం. ఆ పాట ఎలా ఉంటుందో ఒక్కసారి చెవులారా వినాలి. నాకింకేం అక్కర్లేదు. మా ఆయన్ని కూడా రమ్మన్నాను. "నావల్ల కాదు, నువ్వెళ్ళు" అని బస్సు దాకా వచ్చి ఎక్కించాడు.

పర్చూరు నుంచి గుంటూరుకి రెండు దారులున్నాయి. చీరాల వెళ్ళి రైలెక్కి, తెనాలిలో మారి వెళ్ళొచ్చు. రైలు చవకే కానీ తెనాలిలో ఎంతసేపు కూర్చోవాలో ఆ దేవుడికే తెలియాలి. చిలకలూరిపేట మీదుగా వెళ్ళే ఎర్ర బస్సు నయం. పొద్దున ఆరింటికి ఒకటి ఉంది, టిక్కెట్టు ఏడు రూపాయల లోపే. ఆ నెలలో ఊరు దాటితే చాలు, కల్లాల్లో మిరపకాయలు ఎర్రగా పరిచి ఉంటాయి. వాటి పక్కనే నల్లరేగడి చేలల్లో రెండో తీత పత్తి తెల్లగా వేలాడుతుంటుంది. చూడ్డానికి బాగుంటుంది కానీ బస్సులో కూర్చున్నవాళ్ళకి సుఖం లేదు. మార్కెట్ యార్డుకి తీసుకెళ్ళే మిరప టిక్కీలు, అంటే మిరపకాయలు కుక్కిన బస్తాలు, బస్సు పైన వేయాల్సినవి, మంచు పడుతోందని రైతులు లోపలికే ఎక్కించేశారు. నాలుగు మైళ్ళు పోయేసరికి బస్సంతా తుమ్ములే.

కండక్టరు ముక్కుకి రుమాలు కట్టుకుని, "ఒరేయ్, టిక్కీలు పైనెయ్యండ్రా అంటే వినరు కదా! ఇక నుంచి ఎవడు తుమ్మితే వాడికి రెండు టిక్కెట్లు కొడతా" అని అరిచాడు.

వెనక నుంచి ఒక రైతు, "ముందు నీ డ్రైవరుకి కొట్టవయ్యా. ఇందాకటి నుంచి కళ్ళు మూసుకుని నడుపుతున్నాడు" అన్నాడు. అందరూ నవ్వారు. నాకూ నవ్వొచ్చింది, నవ్వులో తుమ్మొచ్చింది.

నా పక్కన ఒక ముసలమ్మ కూర్చుంది. మార్టూరులో ఎక్కింది. "గుంటూరు ఎందుకమ్మా, ఆసుపత్రికా?" అని అడిగింది. కాదు, పాట వినడానికన్నాను. "పాటకా! ఎవరి కచేరీ?" అంది. మా అమ్మాయిదన్నాను. ఎందుకలా అన్నానో తెలీదు. "అదృష్టవంతురాలివి తల్లీ, ఈ కాలంలో అమ్మానాన్నల్ని పిలిచే పిల్లలెంతమంది?" అని నా చెయ్యి నిమిరింది.  ఆమె చిలకలూరిపేటలో దిగేదాకా ఆ చెయ్యి అలాగే ఉంచుకున్నాను.

ఎనిమిదిన్నరకి గుంటూరు బస్టాండులో దిగాను. పోటీలు జరిగే మిషన్ కాంపౌండుకి నడిచి వెళ్ళొచ్చు కానీ దారి తెలియకపోతే రిక్షా ఎక్కండి. రెండు రూపాయలు అడుగుతారు, ఒకటిన్నరకి వస్తారు. నేనెక్కిన రిక్షా ఆయన మాటకారి. ఎక్కడికమ్మా అంటే పియానో పోటీకన్నాను.

"ఆ కాంపౌండులో ఉన్న నల్ల పెట్టేనా? ఒకసారి వరండాలోంచి హాల్లోకి దాన్ని మోశాం. మనుషులం సరిపోక దారినపోయేవాళ్ళని కూడా పిలిచాం. నడుములు పోయాయి. ఇప్పుడు దాన్ని ఎత్తే పోటీ పెట్టారా?"

"ఎత్తే పోటీ కాదయ్యా, వాయించే పోటీ."

"అదే అనుకున్నా. ఎత్తే పోటీ అయితే మీరెందుకొస్తారు, నన్ను పిలుస్తారు గానీ" అని ఒకటే నవ్వు.

కాంపౌండులో వేపచెట్ల కింద బెంచీలు వేసి, చిన్నపిల్లల పోటీలు అప్పటికే మొదలుపెట్టారు. పెద్దవాళ్ళ పోటీ పది గంటలకని కాగితం మీద రాస్తారు. నమ్మకండి. పదకొండు దాటుతుంది. నేను హాలు వరండాలో దయామణి కోసం వెతుకుతుంటే అదే నన్ను చూసి పరిగెత్తుకొచ్చింది.  కనకాంబరం రంగు చీరాల నేత చీర కట్టుకుంది. అది బుల్లిది. మాలో మనిషి పోయాక ఆ మనిషి మంచి బట్టలు దగ్గరివాళ్ళకి ఇస్తాం. వాళ్ళు దాచుకోకూడదు, కట్టుకోవాలి. ఆ చీర దయామణికి నా చేత్తో నేనే ఇచ్చాను.

"వందనాలు పిన్నీ. ప్రయాణం బాగా జరిగిందా? కళ్ళేంటి అలా ఎర్రగా ఉన్నాయి?"

"మిరప టిక్కీలే. నీ పాట ఎప్పుడు?"

దయామణి తల దించుకుంది. చీర కొంగు వేలికి చుట్టుకుంటూ, "పిన్నీ, నన్ను తిట్టొద్దు. ఆ పాట ఇవ్వలేదు. కీర్తన ఒకటి వాయిస్తానని పేరు రాయించాను" అంది.

 అంత దూరం వచ్చింది కీర్తన వినడానికి కాదు కదా. కీర్తనలు మా ఊళ్ళోనే వింటాను. వరండా మెట్టు మీద కూలబడ్డాను. అది కూడా నా పక్కన కూర్చుంది.

"ఏమే, రాదా నీకు?"

"వస్తుంది. దానికంటే నాకే బాగా వచ్చేది ఒకప్పుడు. కానీ అది బుల్లి పాట పిన్నీ. దానికిదంటే ఎంత ఇష్టమో అందరికీ తెలుసు. ఇప్పుడు నేను వెళ్ళి వాయిస్తే, అది లేదు కదా అని దొంగిలించినట్టుంటుంది. పైగా ఆ చెయ్యి దాటేచోటు వచ్చేసరికి నాకు కన్నీళ్ళొచ్చేస్తున్నాయి. ఆసుపత్రి పని అయ్యాక మా గుడిలో పియానో మీద ఎన్నిసార్లు కూర్చున్నానో. అక్కడే ఆగిపోతున్నాను."

నాకు కోపం వచ్చిందో ఏడుపు వచ్చిందో చెప్పలేను. రెండూ కలిసే వచ్చాయి. "ఏమే దయా, చీర కట్టుకున్నావు కదా! దానికి లేని మొహమాటం పాటకెందుకే?" అన్నాను.

అది చీర వంక చూసుకుంది. "చీర మీరిచ్చారు" అంది మెల్లిగా.

"పాట కూడా నేనిస్తున్నా, తీసుకో. దాచుకుంటే చీరైనా చీకిపోతుంది."

"తప్పు వాయిస్తే?"

"నాకు తెలుస్తుందా ఏంటి? నేను చెక్క మీద విన్నదాన్ని. నువ్వెలా వాయించినా నాకదే ఒప్పు."

 లోపల ఎవరో పిలుస్తున్నారని లేచి వెళ్ళిపోయింది. వాయిస్తానని అనలేదు, వాయించనని కూడా అనలేదు. నేను ఆ మెట్టు మీదే ఉండిపోయాను. బలవంతం చేశానేమో అనిపించింది. చేసినా సరే అని కూడా అనిపించింది.

హాలు పెద్దదే. ఎత్తైన కిటికీలు, ఫ్యాన్లు తక్కువ. ముందు వరసలో పోటీలో ఉన్నవాళ్ళ బంధువులకి చోటిస్తారు, మొహమాటపడకుండా వెళ్ళి కూర్చోండి. అక్కడైతే వాయించేవాళ్ళ చేతులూ కనపడతాయి, కాళ్ళూ కనపడతాయి. నా పక్కన యోనా మాస్టారు అని వేటపాలెం నుంచి వచ్చిన రిటైరైన హెడ్మాస్టరు గారు కూర్చున్నారు. ఆయన కూడా పోటీలో ఉన్నారు. తెల్ల పంచె, నల్ల బూట్లు, చేతిలో జీడిపప్పు పొట్లం. "తీసుకోండమ్మా, మా ఊరి సరుకు. భయానికి నమలడం నాకలవాటు" అన్నారు. జడ్జి మద్రాసు నుంచి వచ్చిన పెద్దావిడ. మెడలో గొలుసుకి కళ్ళజోడు, అరవం కలిసిన తెలుగు.

మొదట మాస్టారి వంతే వచ్చింది. వెళ్ళి కూర్చుని, వేళ్ళు విరుచుకుని మొదలుపెట్టారు. చేతులు బాగానే నడుస్తున్నాయి. కానీ పియానో లోపల ఏదో గుడగుడమని ఒకదాని మీద ఒకటి పడిపోతోంది, బిందెలో బిందె దొర్లినట్టు. చూద్దును కదా, ఆయన కాళ్ళు రెండూ కిందున్న మీటల మీద సైకిలు తొక్కినట్టు ఆడుతున్నాయి! తర్వాత వచ్చిన పాస్టరుగారి భార్యా అంతే, ఆ తర్వాత వచ్చిన టెలిఫోను ఆఫీసు ఆయనా అంతే. పియానో మీట తొక్కితే శబ్దం ఆగకుండా సాగుతుందట. అదేపనిగా తొక్కితే పాటంతా ముద్దైపోతుందట. వీళ్ళంతా మా ఊరిలాంటి గుళ్ళల్లో ఉన్న హార్మోనియం మీద చెయ్యి తిప్పుకున్నవాళ్ళు. అక్కడ కాలు ఆగితే పాట ఆగుతుంది. ఇక్కడ కాలు ఆడితే పాట చెడుతుంది. పాపం, కాళ్ళకేం తెలుసు తేడా?

జడ్జిగారు పెన్ను కింద పెట్టి లేచారు. "ఒక మాట అడుగుతాను, కోపం వద్దు. మీలో ఎందరు కాలితో తొక్కే హార్మోనియం నేర్చుకున్నారు?" అని అడిగారు. పోటీకొచ్చిన వాళ్ళందరూ చేతులెత్తారు. హాలంతా గొల్లుమంది. ఆవిడా నవ్వేశారు. "ఈ పియానోకి గాలి అక్కర్లేదండీ. అది ఊపిరి తీసుకునే వచ్చింది. చెప్పులు విప్పి, కాళ్ళు వెనక్కి పెట్టుకుని వాయించండి" అన్నారు.

మాస్టారు నా పక్కన కూర్చుని ఇంకా చెమట తుడుచుకుంటూ, "ఏం చేస్తామమ్మా? చిన్నప్పటి నుంచి మా నాన్నగారు ఒకటే చెప్పారు, గాలి అందకపోతే పాట చస్తుందిరా అని. ఇప్పుడీవిడ గాలొద్దంటుంది" అన్నారు.

నాకప్పుడు ఒకటి అర్థమైంది. చెక్క ముందు కూర్చున్నప్పుడు బుల్లి పాదాలు కూడా మట్టినేల మీద అలాగే ఆడేవి. అలికిన చోట రెండు గుంటలు పడితే నేను మళ్ళీ అలికేదాన్ని. దోమలకనుకున్నాను ఇన్నాళ్ళూ.

దయామణి పేరు పిలిచారు. కీర్తన పేరు కూడా చదివారు. అది వెళ్ళి స్టూలు మీద కూర్చుంది. చెప్పులు విప్పింది, పాదాలు వెనక్కి మడిచి స్టూలు కాళ్ళకి ఆనించింది. చేతులు మెట్ల మీద పెట్టింది. పెట్టి, తీసేసింది. లేచి జడ్జిగారి దగ్గరికి వెళ్ళి వంగి ఏదో చెప్పింది. ఆవిడ కళ్ళజోడు పైకి తోసి దాని మొహంలోకి చూశారు. ముందున్న కాగితం మీద ఏదో కొట్టేసి, ఏదో రాసుకుని, తల ఊపారు.  మాస్టారు, "ఏమైందమ్మా?" అన్నారు. "మా అమ్మాయి పాట" అన్నాను.

మొదలైంది. కుడిచెయ్యి ఒక్కటే నడుస్తోంది, నాకు తెలిసిన నడకే. కానీ నేను ముందు ఆ పాటని గుర్తుపట్టలేదు. నా మనసులో ఉన్నది టకటకా దబదబా. గట్టిపాట, హుషారు పాట, పెళ్ళి మేళంలాంటిదేదో అనుకుని వచ్చాను. ఇది చాలా మెత్తగా ఉంది. ఎంత మెత్తగా అంటే బయట చెట్ల కింద చిన్నపిల్లల గోల పాట మీదుగా వినిపిస్తోంది. పసిపిల్లని ఒళ్ళో వేసుకుని, నిద్రపోయిందో లేదో తెలియక మెల్లగా జోకొడుతూ ఉంటాం చూడండి, అలా ఉంది. చెవులు ముందుకు పెట్టి వినాల్సి వచ్చింది. ఇంత మెత్తని పాటనా నా పిల్ల చెక్క మీద అలా బాదింది? కాదు, చెక్క మీద వేలు ఎంత మెల్లగా పెట్టినా టక్కుమనే అంటుంది. దాని చెవికి మాత్రం రోజూ ఇదే వినిపించి ఉంటుంది. మా మిరప ఘాటులో, వాళ్ళ నాన్న ఎగతాళిలో, నా తొడిమల బుట్ట పక్కన కూర్చుని అది విన్నది ఇదన్నమాట.

ఎడమచెయ్యి వచ్చి కలిసింది. ఆ దాటేచోటు దగ్గరపడుతోందని నాకు తెలుసు, అక్కడున్న అందరికంటే ముందు తెలుసు. దయామణి ఎడమచెయ్యి లేచింది. లేచి గాల్లోనే ఆగిపోయింది. పాట ఆగిపోయింది.  దాని వీపు కనపడుతోంది నాకు, బుల్లి చీరలో. అది ఊపిరి కూడా తీసుకుంటున్నట్టు లేదు.

నా పక్క నుంచి మెల్లగా ఏదో చప్పుడు. చూస్తే యోనా మాస్టారి బూట్లు. కళ్ళు పియానో మీదే ఉన్నాయి, కాళ్ళు మాత్రం నేల మీద ఒకదాని తర్వాత ఒకటి తొక్కుతున్నాయి. నేను చూడటం చూసి, "ఆగిపోయింది కదమ్మా. గాలి కొడుతున్నా" అని గొణిగారు. ఆయన ఎగతాళికి అనలేదు. నేనేం ఆలోచించలేదు. నా కాళ్ళు కూడా కదిలాయి. ముందు వరసలో ఇద్దరం అలా లేని హార్మోనియం తొక్కుతూ కూర్చున్నాం. పాస్టరుగారి భార్య కూడా తొక్కిందని తర్వాత చెప్పింది. నేను చూడలేదు.

చెయ్యి దిగింది. కుడిచేతి మీదుగా దాటి అవతలి మెట్టు మీద వాలింది. ఒక్క చుక్క. వెలుతురు లేని గదిలో కుండ అడుగున నీటిచుక్క పడ్డట్టు వినిపించింది. మళ్ళీ వెనక్కి వచ్చి, మళ్ళీ దాటింది. చూపుకి మాత్రమే తెలిసిన చోటుకి శబ్దం వచ్చి చేరడం ఎలా ఉంటుందో నాకు రాయడం రాదు. చివర్లో దయామణి కుడికాలు దానంతటదే ముందుకొచ్చి మీట తొక్కడం మొదలుపెట్టింది. పాట కొంచెం ముద్దైంది. ఎవరూ నవ్వలేదు. నాకైతే అదే బాగుంది. బుల్లి వాయించినా అలాగే అయ్యుండేది.

అయిపోయాక అది నేరుగా నా దగ్గరికొచ్చి నేల మీద కూర్చుని, నా మోకాళ్ళ మీద తల పెట్టుకుంది. "విన్నారా పిన్నీ?" అంది.

"విన్నానే. ఇంత మెల్లగా ఉంటుందని నాకెవరూ చెప్పలేదేం?"

"దానికి సిగ్గు. మీకు చెప్పకుండా వినిపించాలని" అంది.

బహుమతి పాస్టరుగారి భార్యకి వచ్చింది. కాళ్ళు ఆడించినవాళ్ళని జడ్జిగారు చివర్లో రెండోసారి వాయించమంటే, కాళ్ళు కదలకుండా ఒక చేతిరుమాలుతో స్టూలుకి కట్టేసుకుని వాయించింది ఆవిడ, ఆ పట్టుదలకే ఇవ్వాలి. దయామణికి ఏమీ రాలేదు. జడ్జిగారు వెళ్ళేటప్పుడు దాని భుజం తట్టి, "మధ్యలో ఆగావు కదా, అక్కడ బాగుంది" అన్నారు. అది పొగడ్తో ఓదార్పో మాకు తెలీలేదు.

భోజనాలు వెనక వరండాలో. టిక్కెట్టు మూడు రూపాయలు, అన్నం ఎంతైనా పెడతారు. సంఘం ఆడవాళ్ళే వండుతారు. గోంగూర పప్పు, వంకాయ కూర, చారు, మజ్జిగ. వడ్డించే ఆవిడ పేరు మార్తమ్మగారు, గరిటె ఆమె చేతిలో కర్రలా ఉంటుంది. నేను నాలుగు మెతుకులు కలుపుకుని కూర్చుంటే నా ముందు ఆగింది.

"ఏమ్మా, నా వంట బాలేదా? పిట్టకి పెట్టినట్టు పెట్టించుకున్నావు?"

దయామణి, "మొన్నటి వానల్లో వాళ్ళమ్మాయి పోయిందండీ. అప్పట్నుంచీ సరిగ్గా తినడం లేదు" అని చెప్పింది. నిజమే. వండటం వండుతున్నాను, ఆయనకి పెడుతున్నాను. నా కంచం ముందు కూర్చుంటే ముద్ద దిగడం లేదు. ఎలా తినేది? నేను తింటుంటే అది లేదన్న సంగతి నేను ఒప్పుకున్నట్టుంటుంది.

మార్తమ్మగారు అయ్యో పాపం అనలేదు. గరిటె నిండా పప్పు వేసి, నెయ్యి కుండ తెప్పించి, నా ముందే చతికిలపడింది. "ఇందాక పాట విన్నది నువ్వేనా? ముందు కూర్చున్నావు? నేను కిటికీలోంచి చూశా. అంతసేపు విన్నదానివి, నీకు ఆకలెయ్యదా? తిను. నువ్వు తినేదాకా నేనిక్కణ్ణించి లేవను, అవతల మజ్జిగ కోసం కూర్చున్నవాళ్ళు అరిచి చావనీ" అంది.

తిన్నాను. మొదటి ముద్ద గొంతులో ఆగింది, రెండోది దిగింది. గోంగూర పుల్లగా, వేడిగా ఉంది. నాకు నిజంగానే ఆకలేసింది. మళ్ళీ పెట్టించుకున్నాను. దయామణి తన కంచం మర్చిపోయి నన్నే చూస్తుంటే, "నీ కంచం చూసుకోవే" అని కసిరాను. మాస్టారు మిగిలిన జీడిపప్పు పొట్లం మా ఇద్దరి మధ్యా పెట్టి, వేటపాలెం బస్సుకి టైమైందని వెళ్ళిపోయారు. నేను మూడింటి బస్సెక్కాను. టిక్కీలు దింపేశారు కాబట్టి తిరుగు ప్రయాణంలో తుమ్ములు లేవు. దీపాలు పెట్టే వేళకి ఇంటికొచ్చాను. మా ఆయన గుమ్మంలో నిలబడి, "ఎలా ఉందే?" అని అడిగాడు. "మెల్లగా ఉందయ్యా, చాలా మెల్లగా" అన్నాను. ఆయన అరుగు మీద కూర్చుని చాలాసేపు లేవలేదు.

విని ఏం చేస్తావని వెళ్ళేముందు చాలామంది అడిగారు. వింటే పిల్ల తిరిగి వస్తుందా? రాదు. వెళ్ళొచ్చాక దిగులు తగ్గిందా అంటే, తగ్గిందని అబద్ధం చెప్పను. కానీ ఇన్నాళ్ళూ అది నా కళ్ళముందు మాటా పలుకూ లేకుండా మెదిలేది. ఇప్పుడు శబ్దంతో వస్తోంది. పోయినవాళ్ళు ఇష్టపడినదేదో మీకు తెలియకుండా ఉండిపోయి ఉంటే, అది ఎంత దూరమైనా వెళ్ళి చూడండి, వినండి. అది మనం అనుకున్నట్టుండదు. అలా ఉండకపోవడంలోనే వాళ్ళు ఇంకొంచెం మనకి దొరుకుతారు.

వెళ్ళేవాళ్ళకి ఒక్క సలహా. మిరపకాయల రోజుల్లో గుంటూరు బస్సెక్కితే డ్రైవరు వెనక సీట్లో, కిటికీ పక్కన కూర్చోండి, తడిగుడ్డ ఒకటి దగ్గర పెట్టుకోండి. ఇక చెప్పడానికేం లేదు. ఇది చదువుతున్నవాళ్ళు పొద్దుటి నుంచి ఏం తిన్నారో నాకు తెలీదు. లేచి, కడుపునిండా అన్నం తినండి.